స్టీలు బేసినుకు పోయిన మూట

ఆళ్లగడ్డ,
ఆదివారం, ఆరాధన అయినాక

ప్రవీణ్ నాయనకు,

నేనెవరో నీకు తెలీదని కొడుకుతో చెప్పి పంపినావంట. "ఆమె ఎవరో నాకు తెలీదు, ఆమె ఇల్లు యాడుందో గూడా తెలీదు" అన్నావంట. సరే. తెలీకపోతే తెలుసుకో. నా పేరు మేకల దేవమ్మ. మొగుని పేరు మేకల సామ్యేలు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరు అయినోడు, ఇప్పుడు అలిగి నంద్యాలలో కొడుకింట్లో మంచమెక్కి కూర్చున్నోడు. నా వయసు డెబ్బై ఒకటి అని ఆధార్ కార్డు చెప్తాది, దాన్ని రాసినోడు నన్ను అడిగి రాయలేదు. ఉండేది ఆళ్లగడ్డలో చర్చి వెనక సందులో, రేకుల ఇల్లు. ఇంట్లో ఇప్పుడు నేనూ ఒక కోడీ ఉన్నాము. కోడి నన్ను గుర్తుపడతాది.

నాకు చదువు రాదు. ఈ ఉత్తరం రాస్తాండేది సందు మొదట్లో ఉండే టైలరు కల్పన. నేను చెప్పింది చెప్పినట్టు రాయల్లని ఒట్టు పెట్టించుకున్నా. మొదట్లోనే "ప్రియమైన" అని రాసి చదివింది. కొట్టేయించినా. పైన నల్లగా కనపడేది అదే. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు, ఎత్తినా నేను రెండు మాటలు అనేలోపల పెట్టేస్తావు. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు కదా. చింపితే చింపు, ఇంకొకటి రాయిస్తా. కండక్టర్లందరూ నీకు తెలిసినోళ్లే, దినానికి ఒకటి పంపుతా.

ఊర్లో అందరూ ఏమనుకుంటాండారో నీకు తెలుసునా? దేవమ్మ మొగుని కాకీ బట్టలు కోసేసింది, ఆ అవమానం ఓర్చుకోలేక సామ్యేలు ఇల్లిడిచి పాయె, పాపం, అంటాండారు. బస్టాండు కాడ టీ అంగడి మారెన్న నన్ను నిలబెట్టి అడిగినాడు. "ఏమ్మా దేవమ్మా, మొగుని గుడ్డలు కోసినావంట, మొగుణ్ణి ఎప్పుడు కోస్తావు?" అన్నాడు. "నీ లుంగీ ఇప్పి ఇయ్యప్పా, ముందు దానితో చెయ్యి తిప్పుకుంటా" అన్నా. అంగట్లో కూర్చున్నోళ్లంతా నగినారు. నేను నగలేదు.

కోసినా. కాదనను. పెట్టెలో మడతపెట్టి కలరా ఉండలేసి పెట్టుకున్న రెండు జతలూ కోసినా. నువ్వు తెల్ల బట్టలేసుకొని అవుకుకు మీవాళ్ల పెండ్లికి పోయిన దినం, కత్తెర తీసుకొని వాకిట్లో కూర్చొని కోసినా. దొంగతనంగా కోయలేదు. ప్యాంట్ల కాళ్లు నిలువునా విప్పి నాలుగు పట్టీలు చేసి, అంచులు మడిచి, పైన కడ్డీ దూరేంత సందు పెట్టి కిటికీకి తెర కుట్టినా. చొక్కా వీపులతో రెండు దిండు గలీబులు చేసినా. గుండీలు నీ చొక్కావే, గుండీ కాజాలూ నీ చొక్కావే, దిండు దూర్చి పెట్టేస్తే సరిపాయె. జేబులున్న ముందు పక్కలను ఒకదాని కింద ఒకటి అతికి గోడకు తగిలించినా. ఒక జేబులో దువ్వెన, ఒక జేబులో బీపీ మాత్రలు, ఒకదాంట్లో టార్చిలైటు. నీ ఒంటి మీద ఉండినన్ని దినాలు ఆ జేబుల్లో బీడీలు తప్ప ఇంకేం ఉండె? కల్పన వచ్చి చూసి, "అవ్వా, ఇట్లాంటివి ఫోన్లో చూపిస్తారు, లైకులు వస్తాయి" అనింది. నాకు లైకులు అక్కర్లే. నాకు నా మూట కావల్ల.

ఆ మూట సంగతి ఊర్లో ఎవరికీ చెప్పలేదు నువ్వు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు కల్పన చేత రాయిస్తాండా, సాక్షుల ముందర. విను.

నేను ప్యాపిలిలో మా అక్క కాడికి పోయి తిరిగొచ్చిన దినం, నువ్వు గడపలోనే నిలబడి పండ్లన్నీ కనపడేటట్టు నగుతాండావు. అలమర మీద కొత్త స్టీలు బేసిను. "చూడు, ఎంత బరువుందో ఎత్తి చూడు, ఒక్క పైసా పెట్టలేదు" అన్నావు. యాడిదని అడిగితే, "పాత బట్టలకు స్టీలు సామాన్లామె వచ్చినాది, అటక మీద ఉండే గుడ్డల మూట ఇచ్చేసినా, బంగారం మాదిరి బేరం" అన్నావు. నేను అటక వైపు చూసినా. అటక మీద మూట ఉండిన చోట దుమ్ము లేకుండా గుండ్రంగా కనపడతాండె.

అది ఎస్తేరు మూట. నా బిడ్డ బట్టలు. ఆ పిల్లను మట్టిలో పెట్టి వచ్చిన దినం మీ అమ్మ, మీ అక్క, అందరూ చచ్చినోళ్ల బట్టలు ఇంట్లో పెట్టుకోగూడదు, ఎవరికన్నా ఇచ్చేయి అన్నారు. నేను ఇయ్యనంటే ఇయ్యనన్నా. మీ అక్క చెయ్యి పట్టుకొని గుంజితే కొరికినా గూడా. నీకు గుర్తుండల్ల, కట్టు కట్టించింది నువ్వే. ఆ పిల్ల బట్టలతో బొంత కుట్టి పెట్టుకోవల్లని నా ఆశ. పాత బట్టతో పని చేయడం దానికి నేర్పించింది నేనే. ఆ చేతులు నాకంటే మేలు. నా రైక ముక్కలతో గుమ్మానికి తోరణం కుట్టింది, చిరిగిన చీరతో టీవీ మీదికి గుడ్డ కుట్టింది, మెత్తల మీద చిలకలు అతికింది. ఇంటికొచ్చినోళ్లంతా యాడ కొన్నారు అని అడిగేటోళ్లు. అట్లాంటి పిల్ల బట్టలు. ఏడాదికొకసారి దించుతాంటి, విప్పుతాంటి, కత్తెర పెట్టబోతాంటి, చెయ్యి ఆడక మళ్లా మూట కట్టి పైన పెడతాంటి. నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు దించుతాంటి కాబట్టి నీకు తెలీదనుకుందాం. పోనీ.

కానీ సామాన్లామె మూట విప్పకుండా తీసుకుంటాదా? ఈ వీధిలో యానాడన్నా అట్లా తీసుకునిందా? ఒక్కొక్క బట్టా తీస్తాది, రెండు చేతులతో పట్టుకొని ఎండకు ఎత్తి చూస్తాది, చిరుగుందా, చీకిందా, మరక ఉందా అని వేలు పెట్టి గుంజుతాది, ఇది పనికిరాదు, ఇది సగానికే వస్తాదని పక్కకేస్తాది. మనం కాదుకాదంటాము. అట్లా బేరం అయ్యేసరికి అరపూట పడతాది. అరపూట నువ్వు ఎదురుగా కూర్చున్నావు. నీ బిడ్డ లంగాలు, ఓణీలు ఒక్కొక్కటే నీ కండ్ల ముందర ఎండకు పట్టి చూపించినాది ఆ ఆడమనిషి. నువ్వు వాటికి బేరం ఆడినావు. "ఇది గట్టిదే చూడమ్మా" అని అనుంటావు నీ నోటితో. ఒక్కటన్నా గుర్తు రాలేదా? ఒక్కటన్నా?

అందుకే కోసినా. నువ్వు పెండ్లి నుంచి వచ్చి తెర చూసి, నన్ను చంపేటట్టు అరిస్తివి. "నా గౌరవం కోసినావు" అన్నావు. "ఎస్తేరు బట్టలు తెచ్చియ్యి, నీ గౌరవం నేను మళ్లా కుట్టిస్తా" అన్నా. తెల్లారి లేచి చూస్తే నువ్వూ లేవు, బేసినూ లేదు. మొగుడు పోతే పాయె, పోతాపోతా ఆ బేసిను గూడా ఎత్తుకొని పోయినావే, సిగ్గులేనోడా! దాంట్లో నీళ్లు పోసుకొని తానం చేస్తాండావా ఆడ? సుఖంగా ఉందా?

నీకు నా బిడ్డ కంటే కాకీ ఎక్కువ అయినప్పుడు నాకు నీతో మాటల్లేవు. మూట యాడుందో వెతికి తీసుకొని రా. దాంతో వస్తే గడప లోపలికి రా. అది లేకుండా వస్తే నా చేతిలో కత్తెర ఉంటాది, తెలుసుకో.

ఇట్లు,
మేకల దేవమ్మ (బొటనవేలి ముద్ర)
సాక్షులు:
కల్పన, టైలరు
మారెన్న, టీ అంగడి. (సామ్యేలన్నా, నేను పూర్తిగా చదవలేదు, సంతకం పెట్టకపోతే ఆమె పోయేటట్టు లేదు.)

*

ఆళ్లగడ్డ,
గురువారం

ఎస్తేరు నాయనకు,

ఈసారి ఇట్లే పిలుస్తా. ముందర పుట్టింది ఆ పిల్ల. ఆ పిల్ల ఉన్నన్నాళ్లూ నేను నిన్ను ఎస్తేరు నాయనా అనే పిలిచినా. అది పోయినాక నీ అంతట నువ్వే "ప్రవీణ్ నాయనా అను" అన్నావు. ఆ పేరు నోట్లోకి వస్తే నేను ఏడుస్తానని అన్నావేమో అనుకొని సరే అన్నా. ఇంగ అననే అనను. ఏడ్చేదంతా ఏడ్చేసినా. ఇప్పుడు ఉండేది కోపమే.

నీ జాబు కండక్టరు తెచ్చి ఇచ్చినాడు. కల్పన చదివింది. చదివేదానికి ఏముంది దాంట్లో? నాలుగు ముక్కలు. "చూసినాను. గుర్తు పట్టలేదు. పాత గుడ్డ ఊరికే పెట్టుకోగూడదని నువ్వే కదా అంటావు. ఇంగ నన్ను పిలవొద్దు." అంతే. కింద సంతకం మాత్రం పెద్దది, డ్యూటీ దిగినాక బస్సు లాగ్ షీటు మీద పెట్టినట్టు.

నేను ఎంత అరిచినా, లోపల యాడో ఒక మూల, ఈ మనిషి చూడలేదేమో, ఆమె మూట విప్పేటప్పుడు బీడీ కాల్చుకునేదానికి వీధిలోకి పోయినాడేమో అనుకుంటాంటి. నువ్వు ఆ ఒక్క దారి గూడా మూసేస్తివి. చూసినావు. గుర్తు పట్టలేదు. కల్పన రెండోసారి చదువుతానంటే వద్దన్నా. మా ఇంట్లో నుంచి బయటికి పోయి కుళాయి కాడ నిలబడుకున్నా. నీళ్లు పట్టుకునే ఆడోళ్లు ఏమైందవ్వా అంటే ఏమీ లేదన్నా.

పాత గుడ్డ ఊరికే పెట్టగూడదని నేను అంటా. నిజమే. ఎందుకంటా? నేను గుడ్డను కోసేదాన్ని కాబట్టి అంటా. ఏ గుడ్డ ఎప్పుడు కోయాల్నో నాకు తెలుసు. చీర చీకినా అంచు గట్టిగా ఉంటాది, అంచు తీసి తెరకు కట్టు వేస్తా. మోకాలి కాడ పోయిన ప్యాంటు పైభాగం సంచి అయితాది. మెత్తబడినవి పిల్లోళ్ల కిందికి పోతాయి, ఇంగా మెత్తబడినవి బొంత లోపలికి పోతాయి. అన్నీ అయినాక గడప కాడ కాళ్లు తుడుచుకునేదానికి పోతాయి. ప్రతి గుడ్డకూ ఒక ఆఖరు ఉంది, దాన్ని చూసేది నేను. ఎస్తేరు బట్టలకు ఆఖరు ఎప్పుడో నేను చెప్పల్ల. నా చెయ్యి ఆడలేదంటే ఇంగా ఆ దినం రాలేదని అర్థం. నువ్వెవరు చెప్పేదానికి? ఆ పిల్లను కనేటప్పుడు నువ్వు శ్రీశైలం సర్వీసులో ఉన్నావు. బాలసారెకు నువ్వు డ్యూటీ. దానికి అమ్మవారు పోసినప్పుడు నువ్వు డ్యూటీ. ఆ జ్వరం వచ్చినప్పుడు ఆస్పత్రికి ఆటోలో ఒళ్లో వేసుకొని పోయింది నేను, నువ్వు వచ్చేసరికి దాని కండ్లు మూసి ఉండె. డ్యూటీ చేస్తేనే కూడు, నాకు తెలీదా? నేను దానికి తప్పు పట్టలేదు యానాడూ. కానీ ఆ డ్యూటీ గుడ్డలను మాత్రం కలరా ఉండలేసి భద్రంగా దాచిపెట్టుకున్నావే, రిటైరయి ఇన్నేండ్లయినా అప్పుడప్పుడు తీసి ఇస్త్రీ చేయించుకొని వేసుకొని బస్టాండులో కూర్చుంటావే, దానికి పడతాండా తప్పు. నువ్వు దాచుకోవచ్చు, నేను దాచుకోగూడదా?

కల్పన ఈడ రాసేది ఆపి, "అవ్వా, పెద్దాయన గూడా బాధ పడతాంటాడేమో" అనింది. బాధ పడేటోళ్లు సంతకం అంత పెద్దగా పెట్టరు.

పిలవొద్దన్నావు కదా, పిలవను. ఇది పిలుపు కాదు. ఇది తెలియజేసేదానికి. ఆ సామాన్లామె మన వీధికి మళ్లా రాలేదు. అడిగితే నంద్యాలలో ఉంటాదని, పేరు ఈశ్వరి అని, సంజీవనగర్ పక్క అని తెలిసింది. శనివారం నేను కల్పనను వెంటబెట్టుకొని నంద్యాలకు వస్తాండా. నీ కోసం కాదు. కొడుకింటికి గూడా రాను, కోడలు సుప్రజ అన్నం తినిపొమ్మని బతిమాలితే నా మనసు మారుతాదని. నా బిడ్డ బట్టలు నేనే తెచ్చుకుంటా. అవి దొరికినాక ఈ ఇంట్లో నీకు చోటు లేదు. నీ దిండు గలీబులు కండక్టరు చేతికిచ్చి పంపుతా, ఆడ వేసుకో.

ఇట్లు,
దేవమ్మ (బొటనవేలి ముద్ర)
సాక్షులు:
కల్పన, టైలరు
కరుణాకర్, మందిరం పెద్ద. (అక్కను క్షమాపణ గురించి రెండు మాటలు చేర్చమన్నాను, చేర్చనివ్వలేదు.)

*

ఆళ్లగడ్డ,
ఆదివారం, సాయంత్రం

ఎస్తేరు నాయనా,

నిన్న నంద్యాలకు పోయి వచ్చినా. నువ్వు నన్ను చూడలేదు. నేను నిన్ను చూసినా. ఇంటికొచ్చినప్పటినుంచి కోపంతో ఒళ్లు మండిపోతాంది. ఇది వేరే కోపం. దీన్ని ఎట్లా చెప్పాల్నో నాకు తెలీక, పొద్దున ఆరాధనలో పాట పాడకుండా కూర్చున్నా.

మొదటి నుంచి చెప్తా. ఈశ్వరి ఇల్లు కనుక్కునేసరికి పొద్దెక్కింది. వాకిలి నిండా మూటలు. మూటల మధ్యలో ఆమె కూర్చొని చీరలు ఒక పక్కకు, ప్యాంట్లు ఒక పక్కకు, పీలికలు ఒక పక్కకు ఏరతాంది. నేను ఆమె మీదికి పోయినా. "ఏమ్మే, ఇంట్లో ఆడదిక్కు లేనప్పుడు మొగోని కాడ మూట తీసుకుంటావా, నీకు బిడ్డల్లేరా?" అన్నా. ఆమె నా కంటే నోరుగలది. "మీ మొగోడు ఇచ్చినాడు, నేను తీసుకున్నా, మీ ఇండ్లలో తగాదాలకు నేనేం జవాబు చెప్పాల?" అనింది. కల్పన మధ్యలో వచ్చి, ఆళ్లగడ్డ, చర్చి వెనక సందు, స్టీలు బేసిను అని చెప్పింది.

బేసిను అనేసరికి ఆమె చేతిలో చీర కింద పెట్టింది. నన్ను పైనుంచి కింద దాకా చూసింది. "నువ్వు ఆ డ్రైవరాయన భార్యవా?" అనింది.

ఏం చెప్పిందో రాయిస్తా. నువ్వు చదువుకో, అబద్ధమైతే చెప్పు. నువ్వు ఇల్లిడిచిన దినం పొద్దున్నే, టవల్లో చుట్టిన బేసిను నెత్తిన పెట్టుకొని ఆమె వాకిట్లోకి పోయినావంట. "అమ్మా, ఇది తీసుకో, నా మూట నాకియ్యి" అన్నావంట. అప్పటికే ఆమె మంచివి వేరు చేసి, రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మేటోళ్లకు ఇచ్చేసిందంట. చిరిగినవి మెకానిక్ షెడ్లకు పోయినాయంట. నువ్వు ఆ వాకిట్లోనే కూలబడి కూర్చుంటే ఆమె భయపడి నీళ్లిచ్చిందంట. బేసిను వాపసు తీసుకోనంటే నువ్వు ఆడే పెట్టేసి పోయినావంట. ఆమె నాకు చూపించింది. ఆడే ఉంది, గోడకు ఆనించి. "దాన్ని నేను ఇంకొకరికి అమ్మలేను, తీసుకొని పోమ్మా" అనింది నాతో. నేనూ ముట్టుకోలేదు.

"ఆ దినం నుంచి దినామ్మూ ఆయన కుప్పల కాడనే ఉంటాడు పాపం. రాండి, చూపిస్తా" అని ఆమే మమ్మల్ని పిల్చుకొని పోయింది.

నువ్వు అలిగి మంచమెక్కినావు అనుకుంటాంటి నేను. రాత్రి ఫోను చేసి అడిగితే అప్పుడు చెప్పినాడు ప్రవీణ్. "నాయన పొద్దున పోతాడు, చీకటి పడితే వస్తాడు, ఏమీ మాట్లాడడు, నిన్ను తలిస్తే కస్సుమంటాడు" అన్నాడు. యాడికి పోతావో వాడు గూడా అడగలేదు. నా కడుపునే పుట్టినాడు వాడు, ఏం చెప్పాల.

రోడ్డు పక్కన టార్పాలిను మీద గుడ్డల కుప్ప, మనిషి ఎత్తు ఉంది. జనం చుట్టూ చేరి చేతికొచ్చింది లాగుతాండారు. నువ్వు ఒక పక్క గొంతు కూర్చొని, పైనుంచి ఒక్కొక్క గుడ్డా తీసి, రెండు చేతులతో పట్టుకొని ఎండకు ఎత్తి చూసి, మడతపెట్టి పక్కన పెడతాండావు. అంగడాయన, "తాతా, నువ్వు మడతపెడితే నాకు మేలే, జీతం మాత్రం అడగొద్దు" అని నగుతాండాడు. నువ్వు నగలేదు. నీ చొక్కా వీపు తడిసి ఉండె. నేను లైట్ స్తంభం వెనక నిలబడుకున్నా. కల్పన నన్ను చూసి ఏడ్చేసింది, పిచ్చిది. పిలువవ్వా, పిలువవ్వా అని నా చెయ్యి గుంజింది. పిలవకుండానే బస్సెక్కి వచ్చేసినా.

ఎందుకు పిలవలేదో చెప్తా. ఈశ్వరి ఇంకొక మాట చెప్పింది. నువ్వు ప్రతి కుప్ప కాడా, ప్రతి అంగడి కాడా అడిగేది ఒకటే అంట. "నీలం పంజాబీ డ్రస్సు, తెల్ల చున్నీ వచ్చిందా?" అని. ఎందుకు నాయనా అదే అడుగుతావు అంటే, "నా బిడ్డ ఇంటరు చదివేటప్పుడు నా బస్సులోనే వస్తాండె. డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటాండె. అద్దంలో చూస్తాంటి" అన్నావంట.

మనిషీ, అవి మూటలో లేవు.

కాలేజీ అయిపోయిన ఏడాదే ఎస్తేరు ఆ నీలం గుడ్డ కోసి మన కిటికీకే తెర కుట్టింది. చున్నీతో దానికి కింద కుచ్చులు పెట్టింది. దాని కిందనే పడుకున్నావు నువ్వు ఎన్నో ఏండ్లు. ఎండకు వెలిసి, చీకి, ముట్టుకుంటే పొడి అయ్యేటట్టు అయితే నేనే తీసి పొయ్యిలో పెట్టినా. దాని ఆఖరు అయిపాయె. నువ్వు లేని గుడ్డ కోసం ఎండలో గొంతు కూర్చొని వెతుకుతాండావు. ఉన్న గుడ్డలు నీ చేతిలోంచి జారిపోయినా నీకు తెలీదు. నిన్నటి కుప్పలోనే ఒకటి ఉండి, నువ్వే మడతపెట్టి పక్కన పెట్టినావేమో, ఎవరికి తెలుసు? దీనికి నాకు కోపం వస్తాదా రాదా? నీ మీద వస్తాది. నువ్వు బిడ్డను చూసుకున్న ఆ బస్సు అద్దం మీద వస్తాది. ఎవరి మీద రావల్నో తెలీకుండా వస్తాది. చూసినాను, గుర్తు పట్టలేదు అని రాసినప్పుడు, వెతుకుతాండాను అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పాయె? తప్పు చేసినోడు అలిగినోని మాదిరి నటిస్తాడా? కాకీ కోసినందుకే పోయినాడని ఊరంతా అనుకుంటే నీకు అదే బాగుందా? నేను అట్లా అనుకుంటే గూడా బాగుందా?

ఒకటి చెప్తాండా, కాకీ కోసినందుకు నేను ఏడవను. మంచి తెర అది. గాలికి బాగా ఊగుతాది.

ఇప్పుడు మూటలో ఏముండెనో రాయిస్తా, సరిగ్గా విను. ఆకుపచ్చ లంగా, కింద రెండు వేళ్ల వెడల్పు జరీ, అది నేను పత్తి ఏరిన దుడ్లతో కొన్నది. కుంకుమ రంగు ఓణీ, ఒక మూల కుంపటి నిప్పురవ్వ పడి చిన్న బొక్క, దాని మీద అదే పువ్వు కుట్టుకునింది. పసుపు పూల చీర, నాది, అది కట్టుకుంటానని అడిగి తీసుకునింది, కొంగుకు కూర మరక. క్రిస్మస్‌కు కుట్టుకున్న గులాబీ రంగు చుడీదారు, చేతులు పొట్టిగా అయిపోయినాయని వేరే గుడ్డ అతికింది, అతుకు కనపడనే కనపడదు. ఇంటి కాడ వేసుకునే పాత పరికిణీ, అది పీలికే, దాన్ని ఈశ్వరి షెడ్లకే ఇచ్చుంటాది. ఆ పిల్ల ఒంటి మీద నువ్వు చూడనివి ఇవన్నీ. నువ్వు ఇంటికొచ్చేసరికి అది నిద్రపోతాండె.

నాకు తెలుసు, దొరకవు. నేను పుట్టిన కాడినుంచి గుడ్డలతో బతికినదాన్ని, యాడికి పోయినాయో తలచుకుంటే నాకే తెలుస్తాది. ఎవరో ఆడపిల్ల ఆ ఓణీ వేసుకొని ఉంటే వేసుకోనీ, గుంజుకోను. షెడ్డులో నూనె తుడిచేసి ఉంటే తుడవనీ. కానీ నువ్వు ఒక్కనివే కూర్చొని తప్పు రంగు వెతికేది నేను చూడలేను. అది మాత్రం నా వల్ల కాదు.

ఈ జాబు ఈ రాత్రికే కండక్టరు చేతికిచ్చి పంపుతాండా. రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తాండా. ఆ కుప్ప కాడనే ఉండు. నేనొచ్చేదాకా ఏ గుడ్డా ముట్టుకోవద్దు, ఎవర్నీ ఏమీ అడగొద్దు. సద్ది తెస్తా, ఇద్దరికీ. ఒక పక్క నువ్వు కూర్చో, ఇంకో పక్క నేను కూర్చుంటా. దొరికితే దొరుకుతాయి. దొరకకపోయినా అన్ని కుప్పలూ అయ్యేదాకా కూర్చుందాము. కూర్చున్నంతసేపూ ఆ పిల్ల ఏ దినం ఏం కట్టుకునిందో, కట్టుకొని ఏం చేసిందో, ఎవర్ని తిట్టిందో, ఎందుకు నగిందో చెప్తా. నువ్వు డ్యూటీలో ఉన్న దినాలన్నీ నీకు చెప్తా. నోరు మూసుకొని వినల్ల. మధ్యలో లేచి బీడీకి పోతే కాళ్లిరగ్గొడతా.

ఇట్లు,
ఎస్తేరు అమ్మ, మేకల దేవమ్మ (బొటనవేలి ముద్ర)
సాక్షులు:
కల్పన, టైలరు
ఈశ్వరి, స్టీలు సామాన్లు, నంద్యాల (బొటనవేలి ముద్ర. ఈ పొద్దు తానంతట తానే బస్సెక్కి వచ్చి, ఇంటికి రావొచ్చునా అని అడిగి, గడప కాడ కూర్చొని వేసింది.)